అడుగు వరస బస్తా

2005 జూలై 12, మంగళవారం ఉదయం పదిన్నరకు, చిలకలూరిపేటకు ఇవతల హైవే పక్కనున్న ఒక కోల్డ్ స్టోరేజిలో వరసలుగా పేర్చిన మిర్చి బస్తాల నెట్టు కూలింది. మూడో గదిలో, తలుపు నుంచి రెండో నెట్టు. అందులో నాలుగు వందల బస్తాలున్నాయి. హమాలీల ముఠా మేస్త్రీ జక్రయ్య ఆ సమయంలో దాని పక్కన నిలబడి, వ్యాపారికి పంపాల్సిన బస్తాల మీద సుద్దముక్కతో గీతలు పెడుతున్నాడు. అతని కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది.

నెలాఖరులోగా యాజమాన్యం రెండు పనులు చేసింది. నెట్టు తప్పుగా కట్టింది జక్రయ్యేనని లేబర్ ఆఫీసుకు ఉత్తరం రాసింది. అతని ముఠాలోని పద్నాలుగు మందిని గేటు లోపలికి రానివ్వొద్దని వాచ్‌మన్‌కు చెప్పింది. ఆ నెట్టు తన ముఠా కట్టలేదని జక్రయ్య అన్నాడు. విచారణకు ఆగస్టు 23 తేదీ పడింది. తప్పు జక్రయ్యదని ఆ రోజు తేలితే ముఠా మళ్లీ ఆ గేటు దాటదు. చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో కూడా అతన్ని మేస్త్రీగా ఎవరూ పెట్టుకోరు.

ఆగస్టు 8 దాకా ఇవేవీ శాంతికి తెలియవు.

శాంతి గుంటూరు అరండల్‌పేటలో త్రినాథ్ నడిపే గ్రాఫిక్స్ షాపులో పని చేసేది. వయసు ఇరవై నాలుగు. ఊరు నల్లపాడు. షాపులో మూడు కంప్యూటర్లు ఉండేవి. రెండిటి మీద పెళ్లి కార్డులు, విజిటింగ్ కార్డులు. మూడోదాని మీద శాంతి త్రీడీ బొమ్మలు చేసేది. కట్టబోయే అపార్ట్‌మెంట్లు, మిల్లుల బ్రోచర్లు.

ఆగస్టు 8న కోల్డ్ స్టోరేజి మేనేజరు వెంకటనారాయణ షాపుకు వచ్చాడు.

"మేస్త్రీ జక్రయ్య మీద విచారణకి రెండు బొమ్మలు కావాలి. నెట్టు ఎట్టా కట్టాలో ఒకటి. ఎట్టా కట్టారో ఒకటి."

"కట్టినదానికి ఫొటో ఉందాండీ?" శాంతి అడిగింది.

"కూలింతర్వాతది ఉంది. కూలకముందుది ఎక్కణ్ణించి వస్తది? నేను పడిపోతన్నా, ఫొటో తీసుకోండి అని నెట్టు చెబుద్దా?"

త్రినాథ్ నవ్వాడు. వెంకటనారాయణ జేబులోంచి ఒక కాగితం, రెండు ఫొటోలు తీసి బల్ల మీద పెట్టాడు. కాగితం మీద కొలతలున్నాయి. బస్తా పొడవు మూడడుగులు, వెడల్పు రెండు. నెట్టు నేల మీద పట్టిన చోటు ఇరవై నాలుగు అడుగులకు పది. ఎత్తు పది వరసలు. మొదటి ఫొటోలో కూలిన బస్తాల కుప్ప. రెండోదాంట్లో ఒకే బస్తా, దగ్గర నుంచి. దాని మీద ఎర్ర రంగుతో ఒక మార్కా: 'ఆ', దాని కింద 118/32. దాని పైన, సరిగ్గా అంతే పొడవున, ఇంకో బస్తా అంచు. ఫొటో వెనక బాల్‌పెన్నుతో 'అడుగు వరస. కదల్లేదు' అని రాసి ఉంది.

"ఇదేం చేసుకోవాలండీ?"

"బస్తా రంగూ గింగూ తెలియాలిగా. ఇదొక్కటే చక్కగా వచ్చింది."

శాంతి ఆ రోజే, కూలిన నెట్టు ఎలా ఉండేదో చూపే బొమ్మను మొదట చేసింది. అందుకు ఆమెకు పాత ఫైలు ఒకటి పనికొచ్చింది. జూన్‌లో ఒక జిన్నింగు మిల్లు బ్రోచరు కోసం గోడౌను నిండా పత్తి బేళ్లు చేసింది. బేళ్లన్నీ చేయలేదు. ఒక్క బేలు చేసి, సాఫ్ట్‌వేర్‌లో అర్రే అనే కమాండు తెరిచింది. అందులో గళ్లుంటాయి. నిలువుగా ఎన్ని, అడ్డంగా ఎన్ని, పైకి ఎన్ని, ఒకదానికి ఒకటి ఎంత దూరం. అంకెలు కొట్టి ఓకే అంటే ఒక బేలు ఐదు వందల బేళ్లవుతుంది. కాపీలుగా కావాలా, ఇన్‌స్టన్సులుగా కావాలా అని కూడా అది అడుగుతుంది. కాపీ అయితే దేనికదే. ఇన్‌స్టన్స్ అయితే అన్నీ మొదటిదానికి కట్టుబడి ఉంటాయి. ఒకదాని రంగు మారిస్తే అన్నిటి రంగూ మారుతుంది. షాపులో కంప్యూటరుకు కాపీలను మోసే శక్తి లేదు కాబట్టి శాంతి ఎప్పుడూ రెండోదే నొక్కేది.

ఇప్పుడు బేలు తీసి బస్తా పెట్టింది. ఫొటోలోని బస్తాను దాని మీద అతికించింది. నిలువు ఎనిమిది, అడ్డం ఐదు, పైకి పది. నాలుగు వందల బస్తాలు ఒకదాని నెత్తిన ఒకటి నిలబడ్డాయి. నాలుగు వందల మీదా 'ఆ 118/32' వచ్చింది. తర్వాత తీసేద్దామనుకుంది.

మర్నాడు వెంకటనారాయణ వచ్చి స్క్రీను చూశాడు.

"ఇదే. అచ్చం ఇట్టాగే ఉంది."

శాంతి అతని వైపు చూసింది. కాగితం మీద కొలతలూ లెక్కలే ఉన్నాయి. బస్తా మీద బస్తా ఎలా పడుకోబెట్టారో అందులో లేదు, అతనూ చెప్పలేదు. బేళ్ల ఫైలులో ఉన్నట్టు తాను పెట్టింది. అది అచ్చం అలాగే ఎలా కుదిరింది?

"మీరు దీన్ని కూలకముందు చూశారాండీ?"

"రోజూ చూస్తూనే ఉంటాంగా."

"మరి విప్పి మళ్లీ కట్టమని చెప్పలేదా?"

వెంకటనారాయణ త్రినాథ్ వైపు తిరిగాడు.

"అమ్మాయిది ఏ ఊరు?"

"నల్లపాడు."

"నల్లపాడులో ఎవరమ్మాయివమ్మా? ఏ చర్చికి పోతారు మీరు?"

శాంతి చెప్పింది.

"ఓహో," అన్నాడు వెంకటనారాయణ. "రెండో బొమ్మ కూడా తొందరగా చేసిపెట్టమ్మా."

నెట్టు ఎలా కట్టాలో శాంతికి తెలియదు. చూసి రమ్మని త్రినాథ్ 11వ తేదీన టేపు ఇచ్చి బస్సెక్కించాడు. కోల్డ్ స్టోరేజి గేటు దగ్గర వాచ్‌మన్ నాగూర్ వలి ఆమెకు కప్పుకోవడానికి గోనెపట్టా ఇచ్చి మూడో గది తలుపు తీశాడు. లోపల ఊపిరి వదిలితే పొగ వచ్చింది, మిరపఘాటుకు దగ్గు వచ్చింది. ఆ గదిలో పద్నాలుగు నెట్లకు నేల మీద తెల్లరంగుతో గీతలు గీసి ఉన్నాయి. పదమూడు నెట్లు నిలబడి ఉన్నాయి. రెండో చోటు ఖాళీ.

ఆమె పదమూడూ చూసింది. ఒక్కదాంట్లోనూ బస్తా మీద బస్తా సరిగ్గా లేదు. మూడు బస్తాలు పక్కపక్కన నిలువుగా, వాటి చివర రెండు అడ్డంగా. ఐదింటికి ఒక కట్టు. పై వరసలో అదే కట్టు తిరగబడింది. నిలువు బస్తాల మీద అడ్డం, అడ్డం మీద నిలువు. ప్రతి బస్తా కింది రెండింటిని పట్టుకుని ఉంది. టేపు పెట్టి కొలిచింది. ఇరవై నాలుగుకు పది. వరసకు నలభై. ఈ పద్ధతిలోనూ అదే చోటు, అవే నాలుగు వందలు. కాగితం మీద తేడా లేదు.

"ఇవన్నీ ఎవరు కట్టారు?"

"జక్రయ్య ముఠానేగా. ఇంకెవరు కడతారు?" అన్నాడు నాగూర్ వలి.

"ఆ కూలింది కూడానా?"

అతను గది బయటికి, ఆఫీసు కిటికీ వైపు చూశాడు.

"నన్నెందుకమ్మా అడుగుతావు. నేను గేటు కాడ ఉండేవాణ్ణి."

బస్సులో కూర్చున్నాక శాంతి లెక్క వేసుకుంది. ఒకే ముఠా పదమూడు నెట్లు ఒక రకంగా కట్టి, ఒకటి మాత్రం ఇంకో రకంగా ఎందుకు కడుతుంది? ఒళ్లు బద్ధకం ఒక జవాబు. కట్టింది వేరేవాళ్లు కావడం రెండో జవాబు. మేనేజరు అబద్ధం చెప్పి ఉండొచ్చు. జక్రయ్య కూడా చెప్పి ఉండొచ్చు. అతన్ని ఆమె చూడలేదు.

రెండో బొమ్మకు మూడు రోజులు పట్టింది. ఐదు బస్తాలతో ఒక కట్టు చేసి, వరసకు ఎనిమిది కట్లు అర్రే చేసి, రెండో వరసకు కట్టును తిప్పి, ఆ రెండు వరసల జతను పైకి ఐదుసార్లు పేర్చింది.

16వ తేదీన వెంకటనారాయణ ఫోన్ చేశాడు. త్రినాథ్ మాట్లాడి పెట్టేసి, "బస్తాల మీద మార్కా తీసెయ్యమంటున్నారు," అన్నాడు.

"నేనే తీసేద్దామనుకున్నా. ఆయనకెందుకంట?"

"రైతు మార్కా పదిమందిలో పెట్టడం మర్యాద కాదంట."

"ఒక్క మార్కాకి ఇంత మర్యాదా?"

"శాంతీ, మనం బొమ్మలేసుకునేవాళ్లం. పోలీసులం కాదు. ఒక బస్తా మీద తుడిస్తే నాలుగొందలూ పోతాయన్నావుగా. తుడువు."

తుడిచింది. నిమిషం కూడా పట్టలేదు. నాలుగు వందల బస్తాలు ఉత్త గోనెలయ్యాయి. విచారణకు రెండు ప్రింట్లు తీసింది. తుడవకముందే, త్రినాథ్ టీకి వెళ్లినప్పుడు, మార్కా ఉన్న మొదటి బొమ్మను ఒకటి ప్రింటు తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

మర్నాడు సెలవు పెట్టింది. జక్రయ్య ఇల్లు కోల్డ్ స్టోరేజికి కిలోమీటరున్నర దూరంలోని పాలెంలో ఉంది. అతను వసారాలో నులకమంచం మీద, కాలు దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడు. భార్య ఎలీసమ్మ చేటలో బియ్యం ఏరుతోంది.

"వందనాలు బాబాయ్," అంది శాంతి.

జక్రయ్య వందనాలు తిరిగి చెప్పలేదు. "ఎవరు పంపారమ్మా నిన్ను?"

"ఎవరూ పంపలేదు. మేనేజరు గారు బొమ్మలు చేయించింది మా షాపులోనే."

"వందనాలు చెప్పేదాన్ని చూసి మరీ పంపాడన్నమాట," అన్నాడు జక్రయ్య భార్యతో. "సంతకం పెట్టించుకు రమ్మన్నాడా? కాగితం తెచ్చావా?"

శాంతి ప్రింటు తీసి మంచం మీద పరిచింది. అతను వంగి చూశాడు. వేలితో పై నుంచి కిందికి ఒక గీత గీశాడు. ఆ గీత ఎక్కడా బస్తాకు తగల్లేదు. సందులోంచి నేల దాకా వచ్చింది.

"ఇది బేళ్ల నెట్టు. బేలు చెక్కపెట్టెలా ఉంటది, ఎట్టా పెట్టినా నిలబడుద్ది. మేం టిక్కీ అనే మిర్చి బస్తా అట్టా కాదు. లోపల కాయ కదులుద్ది. అడ్డం పెట్టకపోతే నాలుగు నెలలకి పొట్ట జారి పడిపోద్ది. ముప్పై ఏళ్లు కట్టా. ఇది నా చేతి నెట్టు కాదు."

బేళ్ల ఫైలు సంగతి శాంతి అతనికి చెప్పలేదు. "మార్కా ఎవరిదో చెప్పగలరా?"

"ఆదెయ్యది. యడ్లపాడు. నూట పద్దెనిమిదో లాటు, ముప్పై రెండు టిక్కీలు. దాన్ని మేం ముట్టుకోలా. గుడ్‌ఫ్రైడే నాడు వచ్చింది. శనివారం పొద్దున మేం పోయేసరికి లోపల నెట్టు లేచి ఉంది. ఎవరు కట్టారంటే మేనేజరు నీకెందుకన్నాడు. ఇది ఆగదు, విప్పి కడతామన్నా. సీజన్లో టైమెక్కడిదన్నాడు."

"గుడ్‌ఫ్రైడే నాడు మీవాళ్లు ఒక్కరు కూడా పనికి పోలేదా? మా బాబాయి అయితే ఏటా పోతాడు."

ఎలీసమ్మ చేట కింద పెట్టింది. "మీ బాబాయి పోతే మమ్మల్నెందుకు అంటావే? పన్నెండింటి నుంచి మూడింటి దాకా గుళ్లో, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల ప్రసంగాలు. ఐదో మాట చెప్పింది ఈయనే. పాలెం అంతా అక్కడే ఉంది. పోయి అడుక్కో."

"మూడింటి తర్వాత?"

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"నువ్వు మేనేజరు మనిషివే," అన్నాడు జక్రయ్య. "లేచి పో."

శాంతి ప్రింటు మడిచి లేచింది. వీధి మలుపు దాకా వచ్చాక ఎలీసమ్మ వెనక నుంచి కేక వేసింది. "ఆదెయ్య చేను రోడ్డు పక్కనే. చెరుకురసం బండి దాటాక. ఆయన్నే అడుగు, మా మాట ఎందుకు!"

ఆదెయ్య పత్తిలో గుంటక తోలుతున్నాడు. శాంతి గట్టు మీద నిలబడి, తాను ఎవరో, దేని కోసం వచ్చిందో చెప్పింది. అతను ఎడ్లను ఆపాడు గానీ గట్టెక్కలేదు.

"గుడ్‌ఫ్రైడే నాడు మీ బస్తాలు ఎవరు దించారండీ?"

"ఎవరో దించారు. నాకెందుకమ్మాయ్ ఆ గొడవ? నా కాయ ఇంకా ఆ మేనేజరు కోల్డ్ స్టోరేజిలోనే ఉంది. రేపు నేను పోతే తలుపు తియ్యొద్దా?"

"విచారణకు వచ్చి ఆ ఒక్కమాట చెప్తే చాలు."

"నేను రాను. జక్రయ్య మంచోడే. అయినా రాను."

శాంతి ఏం చేయాలో తోచక ప్రింటు తీసి చూపించింది. "ఇది మీ మార్కానేగా?"

ఆదెయ్య గట్టెక్కాడు. చేతులు పంచెకు తుడుచుకుని కాగితం పట్టుకున్నాడు. ఒక్కో బస్తా మీదా మార్కా చూశాడు.

"ఇవన్నీ నా మార్కానే."

"బొమ్మండీ ఇది. ఒక బస్తా చేసి..."

"నావి ముప్పై రెండు. ఇక్కడెన్ని ఉన్నయ్?"

"నాలుగొందలు. కానీ..."

"మిగతా మూడొందల అరవై ఎనిమిదీ ఎవరియ్యి?"

"ఎవరివీ కాదండీ. అవి లేవు. కంప్యూటర్లో ఒక్కదాన్నే నాలుగొందలసార్లు చూపిస్తుంది."

"లేకపోతే ఎట్టా కనపడతన్నయ్?"

శాంతి మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఒక బస్తా, మూడు లెక్కలు, ఒక కమాండు. ఆదెయ్య విన్నాడు. తల ఊపలేదు.

"అమ్మాయ్, నీకు మిరపకాయ సంగతి తెలవదు. తాలుకాయ తెచ్చి మంచి రైతు మార్కా వేసి అమ్మేవాళ్లున్నారు. నా కాయంటే యార్డులో పేరుంది. నా మార్కా మీద ఎవరి చెత్తో పెట్టాడు. ఇదిగో, ఆయన బొమ్మలోనే దొరికాడు."

"అది కాదండీ, ఆ బొమ్మ చేసింది నేను."

"చేయించింది ఆయనేగా?"

శాంతి మూడోసారి చెప్పబోయింది. ఆదెయ్య కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఆ విచారణ ఎప్పుడన్నావ్?"

చెప్పింది.

23వ తేదీ పదకొండు గంటలకు విచారణ కోల్డ్ స్టోరేజి ఆఫీసు గదిలోనే మొదలైంది. లేబర్ ఆఫీసరు ముందు మూడో గదిని చూసి వచ్చి కూర్చున్నాడు. జక్రయ్య చంకకర్రతో వచ్చాడు. ఎలీసమ్మ గుమ్మంలో నిలబడింది. బొమ్మల గురించి అడిగితే చెప్పడానికి త్రినాథ్, శాంతి గోడవారన కుర్చీల్లో ఉన్నారు.

వెంకటనారాయణ రిజిస్టరు, రెండు ప్రింట్లు ముందు పెట్టాడు. రిజిస్టరులో రెండో నెట్టు ఎదురుగా 21-3-2005 అని, కట్టింది జక్రయ్య ముఠా అని ఉంది.

ఆఫీసరు మొదటి బొమ్మ ఎత్తి శాంతిని అడిగాడు. "ఇది ఫొటో కాదు కదా?"

"కాదండీ. కంప్యూటర్లో చేసింది."

"బస్తాలు ఇలా ఒకదాని మీద ఒకటి ఉన్నాయని మీకెవరు చెప్పారు?"

త్రినాథ్ కాలితో ఆమె కాలు తొక్కాడు.

"ఎవరూ చెప్పలేదండీ. అది మా పాత ఫైలు. పత్తి బేళ్లది. బేళ్లు తీసి బస్తాలు పెట్టాను. మేనేజరు గారు చూసి అచ్చం ఇలాగే ఉందన్నారు."

ఆఫీసరు ప్రింటు కింద పెట్టాడు. "అయితే దీనికి ఆధారం లేదన్నమాట."

"ఆధారం ఎందుకు లేదండీ?" వెంకటనారాయణ గొంతు పెంచాడు. "నెట్టు కూలినా అడుగు వరస కదల్లేదు. దాని మీద రెండో వరస బస్తా అట్టాగే ఉంది. ఫొటో ఉంది. ఆ అమ్మాయికి ఇచ్చానుగా. తియ్యమ్మా."

శాంతి ఫైలులోంచి ఫొటో తీసి ఆఫీసరుకు ఇచ్చింది. అతను ముందు వైపు చూసి, వెనక్కి తిప్పి, రాసింది చదివాడు. "అడుగు వరస. కదల్లేదు. ఈ అక్షరాలు మీవేనా?"

"నావేనండీ."

అప్పటికి పదకొండూ ఇరవై. గేటు దగ్గర కేకలు వినిపించాయి. నాగూర్ వలి ఆపుతున్నా ఆగకుండా ఆదెయ్య గుమ్మం దాకా వచ్చాడు. ఒక చేతిలో నాలుగు మడతల కాగితం, ఇంకో చేతిలో పసుపు రంగు రసీదు.

"నా టిక్కీలు లెక్క చూపించాలి," అన్నాడు. "ఇప్పుడే. ఆఫీసరు గారి ముందరే."

"ఆదెయ్యా, ఇది నీ పని కాదు. బయట కూర్చో," అన్నాడు వెంకటనారాయణ.

"నా పని కాకపోతే ఎవరి పని? నేను పెట్టింది ముప్పై రెండు. నా మార్కా మీద నాలుగొందలున్నాయి మీ కాడ. ఇదిగో మీ బొమ్మే. ఎవరి తాలుకాయకి నా పేరు పెట్టారు?"

ఆఫీసరు కాగితం తీసుకుని విప్పాడు. బల్ల మీది ప్రింటు పక్కన పెట్టాడు. రెండూ ఒకటే. ఒకదాని మీద మార్కా ఉంది, రెండోదాని మీద లేదు. ఫొటో తీసి మూడోదిగా పెట్టాడు. దాని మీద ఉంది.

"మార్కా ఎవరు తీశారు?"

"నేనండీ," అంది శాంతి. "తీయమన్నారు."

ఆఫీసరు ఆదెయ్య వైపు చెయ్యి చాచాడు. ఆదెయ్య రసీదును వెంటనే ఇవ్వలేదు. "మళ్లీ నాకిస్తారుగా?" అని అడిగి ఇచ్చాడు. లాటు 118. టిక్కీలు 32. తేదీ 25-3-2005. కింద కోల్డ్ స్టోరేజి ముద్ర, వెంకటనారాయణ సంతకం.

ఆఫీసరు రిజిస్టరు ముందుకు లాక్కుని వేలు పెట్టాడు.

"ఇరవై ఒకటిన కట్టిన నెట్టుకి, ఇరవై ఐదున వచ్చిన బస్తా అడుగున ఎలా ఉంది?"

వెంకటనారాయణ రిజిస్టరులోకి చూశాడు. "రాసేవాళ్లు తేదీ పొరపాటు పడి ఉంటారు. ఇరవై ఐదునే కట్టారు. కట్టింది మాత్రం వీళ్లే. సాయంత్రం వచ్చి కట్టారు."

"వీళ్లెక్కడొచ్చారు?" అన్నాడు ఆదెయ్య. "నేను పొద్దున పది నుంచి బండి మీదే కూర్చున్నా. పండగ, ముఠా రాదు అని ఈయనే చెప్పాడు. మూడింటికి జిన్నింగు మిల్లు లారీలో కూలీల్ని దించాడు. ఒక్కోడి నెత్తిన దూది అట్టాగే ఉంది. నా కాయ వాళ్లే మోశారు. నేను దీపాలెట్టే యాళ దాకా ఉన్నా. పాలెపోడు ఒక్కడు రాలా. అదంతా నాకెందుకు గానీ, నా లెక్క చెప్పండి ముందు."

గుమ్మంలో ఎలీసమ్మ శాంతి వైపు చూసింది. మూడింటి తర్వాత, అని ఆ రోజు అడిగింది ఈ పిల్లే.

ఆఫీసరు నాగూర్ వలిని పిలిచాడు. అతను మేనేజరు వైపు చూశాడు, జక్రయ్య కాలి వైపు చూశాడు.

"లారీ వచ్చిందండీ. ఎనిమిది మంది. గేటు తీసింది నేనే."

ఆదెయ్య లెక్క చూసేసరికి మధ్యాహ్నం అయింది. ముప్పై రెండులో పన్నెండు అతను నెట్టు కూలాక జూలైలోనే అమ్ముకున్నాడు. మిగతా ఇరవై దొరికాయి. మూడొందల అరవై ఎనిమిది దొరకలేదు. వాటిని ఎక్కడో దాచారని ఆదెయ్య ఇప్పటికీ అంటాడు.

సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చింది. నెట్టు కట్టింది జక్రయ్య ముఠా కాదని, అది ఆగదని అతను ముందే చెప్పాడన్న మాటను కొట్టేయడానికి ఆధారం లేదని అందులో రాశారు. 19వ తేదీ సోమవారం పద్నాలుగు మంది గేటు లోపలికి వెళ్లారు. నెట్టు ఎలా కట్టాలో చూపే బొమ్మను ప్రతి గది తలుపు మీదా అంటించాలని కూడా ఉత్తర్వులో ఉంది.

షాపులో త్రినాథ్ ఆమెను పనిలోంచి తీయలేదు. త్రీడీ తెలిసిన మనిషి ఇంకొకరు లేరు. "రెండు ప్రింట్లేగా తీయమన్నా," అన్నాడు ఒకసారి. "మూడోది ఎట్టా వచ్చింది? అర్రే కొట్టావా?" అతను ఆమె దగ్గరున్న షాపు తాళంచెవి అడిగి తీసుకున్నాడు. అప్పటి నుంచి పొద్దున్నే తానే వచ్చి తలుపు తీసేవాడు.

అక్టోబరు మొదటి వారంలో శాంతి బొమ్మలు తీసుకుని కోల్డ్ స్టోరేజికి వెళ్లింది. జక్రయ్య గది తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని ముఠాకు పని చెబుతున్నాడు. కాలు ఇంకా వంగడం లేదు. ఆమె బొమ్మ అంటించేదాకా చూశాడు.

"ఆ మార్కా ఆదెయ్యను రెచ్చగొట్టుద్దని నీకు ముందే తెలుసా?"

"తెలియదు బాబాయ్. అది బొమ్మేనని మూడుసార్లు చెప్పబోయా."

"మూడుసార్లు చెబితే నమ్మనివాడు ఎవడు?" అన్నాడు జక్రయ్య. ఆమె మాట అతను నమ్మాడో లేదో ముఖం చూస్తే తెలియలేదు. కర్ర ఎత్తి బొమ్మ మీద ఆనించాడు. "ఇది కూడా తప్పే."

"ఏది?"

"కట్టు బాగానే ఉంది. మూతులు చూడు. కుట్టేసిన మూతి బయటికి పెట్టావు. ఒక వరస లోపలికి, ఒక వరస బయటికి. కుట్టు తెగితే కాయంతా దారిలో పోద్ది. నాలుగు పక్కలా మూతులు లోపలికే ఉండాలి."

శాంతి దగ్గరికి వెళ్లి చూసింది. కట్టును తిప్పినప్పుడు దాంతోపాటు బస్తాల మూతులు కూడా తిరిగాయి. లోపలున్న నెట్ల దగ్గరికి వెళ్లి చుట్టూ నడిచింది. బయటికి ఒక్క మూతి కూడా లేదు.

అంటించిన బొమ్మ పీకి, షాపుకు తిరిగి వచ్చి ఫైలు తెరిచింది. నాలుగు పక్కలా నాలుగు రకాలుగా తిరగాలి. దానికి అర్రేలో గడి లేదు. కింది వరసలో మూల బస్తాను పట్టుకుని తిప్పింది. తర్వాత దాని పక్కదాన్ని. నెట్టు చుట్టూ ఒక్కొక్క బస్తాను పట్టుకుని మూతి లోపలికి తిప్పుతూ పోయింది.

"ఇంకా అవలేదా?" అన్నాడు త్రినాథ్ సాయంత్రం, ఆమె వెనక నిలబడి.

"నాలుగో వరసలో ఉన్నా," అంది శాంతి.